ఇంటి ఖర్చుని నెలల్లో లెక్కిద్దాం



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. గల్ఫ్‌కి వచ్చిన తెలుగువాడు ఈ రెండూ ఒకే జీతంతో చూస్తాడు. చెల్లెలి పెళ్ళి, తర్వాత ఇల్లు, ఇల్లు అయ్యేసరికి కూతురి పెళ్ళి. నేను బహ్రెయిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషిని. చదివింది మాత్రం మెకానికల్ ఇంజనీరింగ్. కాబట్టి ఈ ప్రసంగంలో సగం కంప్యూటర్ల గోల, సగం వెల్డింగ్ గోల ఉంటుంది. ఓపిక పట్టండి.

బహ్రెయిన్‌లో మనవాళ్ళు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చినవాళ్ళున్నారు. మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు. శుక్రవారం మనామాలో నలుగురు కలిస్తే మాటలు ఎక్కడ మొదలైనా ఇంటి దగ్గరికే వస్తాయి. "అన్నా, స్లాబ్ పడిందా?" "ఇంకా లింటెల్ మీదనే ఉన్నది." ఈ రెండు వాక్యాల మధ్య ఒక్కొక్కసారి మూడేళ్ళు గడిచిపోతాయి.

అందుకని నాదొక చిన్న విన్నపం. ఇంటి ఖర్చుని రూపాయల్లో కాదు, నెలల్లో లెక్కపెడదాం. ఒక మనిషి తిండికీ, పిల్లల చదువుకీ, అప్పు వడ్డీకీ పోను ఇంటి కోసమని నెలకు 10,000 రూపాయలు మిగల్చగలడనుకోండి. 10 లక్షల ఇల్లంటే 100 నెలలు. ఎనిమిదేళ్ళ పైమాటే. అదే లెక్కన ఖర్చులో ఒక్క లక్ష తగ్గిస్తే పది నెలలు ముందుగా ఇంటికి పోవచ్చు. ఆ పది నెలల్లో ఒక సంక్రాంతి ఉంటుంది, బతుకమ్మ ఉంటుంది, అమ్మ ఆరోగ్యం ఉంటుంది, మాటలు నేర్చుకునే పిల్లవాడు ఉంటాడు. అమెరికాలో ఉన్న మిత్రులకి ఇంటి ఖర్చు తగ్గించటమనేది ఒక అభిరుచి కావచ్చు. మా దగ్గర అది సెలవు దరఖాస్తు లాంటిది.

బహ్రెయిన్‌లో ఉంటూ ఇల్లు గురించి మాట్లాడేవాడు ముహర్రక్ పాత వీధుల్లోకి ఒకసారి వెళ్ళిరావాలి. ముత్యాల వ్యాపారం నడిచిన ఆ వీధుల్లోని భవనాలను, దగ్గరి సముద్రంలోని ముత్యపు చిప్పల దిబ్బలను కలిపి యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. షేక్ ఈసా బిన్ అలీ నివసించిన ఇల్లు అక్కడే ఉంది. పైనుంచి గాలిని పట్టి గదిలోకి దింపే గాలిగోపురం దానికి ప్రత్యేకం. ఆ ఇళ్ళు దేనితో కట్టారో చూడండి. లోతు తక్కువ సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. పైన జిప్సం పూత. కప్పుకి సముద్రం మీద వచ్చిన వాసాలు, ఈత చాపలు. పేదవాళ్ళయితే ఖర్జూరపు మట్టలతో 'బరస్తి' అనే గుడిసెలు వేసుకునేవారు.

నన్ను ఆకట్టుకున్నది గోడ కట్టిన పద్ధతి. గోడంతా మందంగా కట్టకుండా బరువు మోయటానికి స్తంభాలు లేపి, వాటి మధ్య ఖాళీలలో పల్చటి పగడపు పలకలు నిలబెట్టారు. రాయి తక్కువ పడుతుంది, బలం ఉండాల్సిన చోట ఉంటుంది. ఈ పద్ధతికి పేటెంటు లేదు, సీక్రెట్ లేదు. ఒక మేస్త్రి ఇంకొకడికి చూపించాడు, వాడు ఇంకొంచెం మెరుగుపరిచాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. పగడపు రాయి తవ్వుకొచ్చి ఇల్లు కట్టుకోమని ఈరోజుల్లో ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. నేర్చుకోవలసింది రాయి కాదు, తీరు. కాళ్ళ కింద ఏముందో చూడటం, తెలిసినది పక్కవాడికి చెప్పటం.

ఆ మాటకొస్తే మన ఊళ్ళలో మాత్రం ఏం తక్కువ? రాయలసీమ మిద్దెల మీద చవుడు మట్టి పరిచి వాన నీరు దిగకుండా చేసుకున్నారు. ఉత్తరాంధ్ర తీరంలో తుఫాను గాలిని తప్పించుకునేలా గుండ్రంగా చుట్టిళ్ళు కట్టుకున్నారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు గాలికీ వెలుతురుకీ పేరు. వీటి సంగతి ఏ పుస్తకంలోనూ చదివి కట్టలేదు. మధ్యలో ఏమైందంటే, ఆ తెలివి మనకి నామోషీ అయిపోయింది. సిమెంటు, స్టీలు, కాల్చిన ఇటుక తప్ప మిగతాదంతా పేదరికం గుర్తయింది. ఇక ఆ మూడింటి ధరలు మన చేతిలో లేవు.

అయితే మళ్ళీ మట్టి గోడలు పెట్టుకుని వానకి కరిగిపోమంటావా అని మీరు అడగవచ్చు. అనను. మట్టికీ ఇటుకకీ మధ్య ఇంకో మెట్టుంది. దాని కథ బయటి దేశంలో మొదలై మన పక్కకి వచ్చింది.

1950లలో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో సిన్వా అనే గృహనిర్మాణ పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ రౌల్ రామిరెజ్ అనే చిలీ దేశపు ఇంజనీరు ఒక చేతి యంత్రం తయారుచేశాడు. పేరు సిన్వా-రామ్. ఒక ఇనుప పెట్టె, దానికో మూత, పొడుగాటి లీవరు. కొద్దిగా సిమెంటు కలిపి తడిపిన మట్టిని పెట్టెలో పోసి లీవరు లాగితే గట్టి దిమ్మె బయటికొస్తుంది. కరెంటు అక్కర్లేదు. బట్టీ అక్కర్లేదు. అరవై కిలోల చిల్లర బరువు, ఎడ్లబండి మీద తీసుకుపోవచ్చు. దాని కొలతలు, వాడే పద్ధతి చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చయి దేశదేశాలకీ వెళ్ళాయి. ఎందరో దాన్ని చూసి తమకి కావలసినట్లు మార్చుకుని చేసుకున్నారు.

మన దేశంలో ఈ పనిని శాస్త్రీయంగా చేసినవాళ్ళు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు. అక్కడ ఆచార్య అమూల్య రెడ్డిగారి చొరవతో 1974లో 'అస్త్ర' అనే కేంద్రం మొదలైంది. శాస్త్రాన్ని పల్లెకి అందించటం దాని ఉద్దేశం. ఆచార్య కె.ఎస్. జగదీశ్, ఆయన సహచరులు మట్టి దిమ్మెల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. చేతి ప్రెస్సులు రూపొందించారు. పాండిచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989 నుంచి పనిచేస్తున్న ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇలాంటి దిమ్మెలతో అంతస్తుల భవనాలు, వాల్టులు, డోములు కట్టి చూపించారు. భారత ప్రమాణాల సంస్థ మట్టి దిమ్మెలకి ఐఎస్ 1725 అనే ప్రమాణాన్ని 1960లోనే ఇచ్చింది, 1982లో, 2013లో సవరించింది. అంటే ఇది ఎవరో సరదాకి చేసే పని కాదు, ఇంజనీరు సంతకం పెట్టగల పని.

ఇక మా తరం కథ. మార్సిన్ యాకుబోవ్‌స్కీ అనే ఆయన అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్యూజన్ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, తర్వాత మిస్సోరీలో వ్యవసాయానికి దిగాడు. ట్రాక్టరు కొంటే పాడైంది, బాగుచేయిస్తే మళ్ళీ పాడైంది. ఇలా కాదని యంత్రాలు తనే చేసుకోవటం మొదలుపెట్టి, డ్రాయింగులన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 2003లో మొదలైన ఆ ప్రయత్నం పేరు ఓపెన్ సోర్స్ ఎకాలజీ. ఒక చిన్న నాగరికతకి కావలసిన 50 యంత్రాలు జాబితా వేసుకున్నారు. అందులో ముందుగా చేసినది ఏమిటనుకున్నారు? మట్టి దిమ్మెల ప్రెస్సు. దీనిది చేతి లీవరు కాదు, హైడ్రాలిక్ శక్తి. 2011లో ఆయన ఇచ్చిన టెడ్ ప్రసంగంతో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది.

ఓపెన్ సోర్స్ అంటే ఊరికే ఇవ్వటం అని కొందరనుకుంటారు. కాదు. ఆవకాయ లాంటిదది. ఆవకాయ కొలతలు ఎవరి సొత్తూ కాదు. మీ అమ్మగారి కొలత మీరు వాడొచ్చు, కారం తగ్గించి మార్చొచ్చు, మార్చినది పక్కింటావిడకి చెప్పొచ్చు. కాని మామిడికాయలు, నూనె మాత్రం కొనాల్సిందే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు మా రంగంలో జరిగింది ఇదే. సాఫ్ట్‌వేర్‌కీ యంత్రానికీ ఒక తేడా మాత్రం ఉంది. సాఫ్ట్‌వేర్ నకలుకి పైసా ఖర్చవదు, ప్రెస్సుకి ఇనుము కావాలి. ఇంకో పెద్ద తేడా, ప్రోగ్రాములో తప్పుంటే రాత్రికి రాత్రి సరిచేసి పంపుతాం. గోడలో తప్పుంటే మనిషి మీద పడుతుంది. అందుకే డ్రాయింగు ఒక్కటే ఇస్తే చాలదు, పరీక్షించే పద్ధతి కూడా ఇవ్వాలి.

ఆ పద్ధతులు ఇంట్లో చేసుకునేంత తేలిక. మొదటిది సీసా పరీక్ష. పైన ఉన్న సారవంతమైన మట్టి తీసేసి, కింది మట్టి ఒక గాజు సీసాలో మూడో వంతు పోయండి. నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా ఊపి కదలకుండా పెట్టండి. ఇసుక, గరుసు నిమిషంలో అడుగుకి చేరతాయి. దాని మీద ఒండ్రు, ఆ పైన చాలా గంటలకి బంకమన్ను దిగుతుంది. పొరల మందం స్కేలుతో కొలిస్తే మీ మట్టి జాతకం తెలుస్తుంది. సగం పైన ఇసుక, ఐదో వంతు దాకా బంక ఉంటే మంచి మట్టి. బంక ఎక్కువుంటే ఇసుక కలపాలి. నల్లరేగడి మాత్రం వద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే గుణం దానిది. మన ఎర్రమట్టి, మొరం నేలలు ఈ పనికి నప్పుతాయి.

రెండోది బీటల పరీక్ష. రెండడుగుల పొడవు, అంగుళంన్నర వెడల్పు, అంగుళంన్నర లోతు ఉన్న చెక్క పెట్టెకి లోపల నూనె రాసి తడి మట్టి కూరి ఎండబెట్టండి. మట్టి ఎంత కుదించుకుందో కొలవండి. అరంగుళం లోపు ఉంటే 18 పాళ్ళ మట్టికి 1 పాలు సిమెంటు సరిపోతుంది. అంగుళంన్నర దాటి రెండంగుళాల దాకా పోతే 12 పాళ్ళకి 1 పాలు కావాలి. సిన్వా-రామ్ వాడినవాళ్ళ పాత లెక్క ఇది. మూడోది తడి పరీక్ష. కలిపిన మట్టిని గుప్పిట్లో ఉండ చేసి నడుము ఎత్తు నుంచి గట్టినేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉన్నట్టు. పిండిలా చెదిరితే నీళ్ళు చాలవు, చపాతీలా అతుక్కుంటే ఎక్కువైనట్టు. ఒత్తిన దిమ్మెల్ని నీడలో పేర్చి, కప్పి, మూడు నాలుగు వారాలు తడుపుతూ ఉండాలి. ఈ తడపటంలో బద్ధకిస్తే మిగతాదంతా వృథా.

ఇప్పుడు లెక్క. సిన్వా-రామ్ దిమ్మె సుమారు 29 సెంటీమీటర్ల పొడవు, 14 వెడల్పు, 9 ఎత్తు. 600 చదరపు అడుగుల ఇంటికి తలుపులు, కిటికీలు తీసేస్తే 120 చదరపు మీటర్ల గోడ వస్తుందనుకోండి. మీటరుకి 33 చొప్పున 4,000 దిమ్మెలు. ఇద్దరు ముగ్గురు మనుషులు రోజుకి 300 ఒత్తితే రెండు వారాల పని. బస్తాకి 100 దిమ్మెలని వేసుకుంటే 40 బస్తాల సిమెంటు. పునాది తవ్విన మట్టే పనికొస్తే మట్టి బాడుగ కూడా తప్పుతుంది. కూలి అంతా కొనుక్కుంటే ఆదా తగ్గుతుంది, ఇంటివాళ్ళు చెయ్యి వేస్తే పెరుగుతుంది.

ఇక్కడ నిజం చెప్పాలి. గోడ ఇల్లు కాదు. పునాది, స్లాబు, తలుపులు, వైరింగు, బాత్‌రూములు అన్నీ ఉన్నాయి. 10 లక్షల ఇంట్లో గోడలు 2 లక్షలనుకుంటే, దిమ్మెలతో సగం మిగిలినా లక్షే. మన లెక్కలో పది నెలలు. చిన్నది కాదు, కాని ఒక్క యంత్రంతో ఇల్లు సగం ధరకి వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మిగతా నెలలు వేరేచోట్ల వెతకాలి. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ గారు (1917–2007) ఈ విషయంలో మనందరికీ గురువు. ఇటుకల్ని పక్కకి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే 'ర్యాట్ ట్రాప్' పద్ధతిలో తొమ్మిదంగుళాల గోడకి దాదాపు పాతిక శాతం ఇటుకలు మిగులుతాయి. ఆ ఖాళీ వల్ల ఎండ వేడి కూడా తగ్గుతుంది. స్లాబు అడుగు భాగంలో కాంక్రీటు అవసరం లేని చోట పాత పెంకులు పెట్టే 'ఫిల్లర్ స్లాబ్' కూడా ఆయన ప్రచారంలోకి తెచ్చినదే. దీనికి మాత్రం ఇంజనీరు లెక్క తప్పనిసరి.

మట్టి నప్పని ఊళ్ళకి మన తెలుగువాళ్ళ కానుక ఒకటుంది. విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ సంస్థకి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ గార్లు రూపొందించిన ఫాల్-జి ఇటుక. థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి చేస్తారు. బట్టీలో కాల్చే పని లేదు, నీళ్ళతో తడిపితే గట్టిపడుతుంది. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ, ముద్దనూరు, విశాఖ పరిసరాల్లో బూడిదకి కరువు లేదు కదా.

అన్నిటికన్నా పెద్ద ఆదాకి యంత్రమూ అక్కర్లేదు, ఇటుకా అక్కర్లేదు. పక్కవాడు మూడు గదులు వేశాడని మనం నాలుగు వేయకపోవటమే. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్ళలో తాళం వేసిన గదులు ఎన్నో మీకు తెలుసు. 700 చదరపు అడుగులు 600 చేస్తే ఖర్చు ఏడో వంతు తగ్గుతుంది. ఆ తాళం గది ఖరీదు మన లెక్కలో ఏడాది పైన.

కొన్ని విషయాల్లో పొదుపు పనికిరాదు. పునాదిలో, స్టీలులో, బాత్‌రూము నీటి పనుల్లో కక్కుర్తి పడకూడదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన చూసిన జాతి మనది. తీర ప్రాంతంలో బేస్‌మెంట్ ఎత్తుగా, గోడల చుట్టూ కాంక్రీటు బెల్టు, బయటికి చూరు ఉండాల్సిందే. ఉప్పు ఇసుక వాడకూడదు. ఉప్పు కాంక్రీటులో ఇనుముని ఎలా తినేస్తుందో గల్ఫ్‌లో పనిచేసిన ఏ మేస్త్రినడిగినా చెప్తాడు. రెండంతస్తులు దాటితే ఇంజనీరు లేకుండా ముందుకు పోవద్దు. ఒక ఊరికి నప్పినది ఇంకో ఊరికి నప్పకపోవచ్చు కూడా. ఓపెన్ సోర్స్ ఎకాలజీ వాళ్ళే తర్వాత తమ ఇంటి నమూనాకి చెక్క ఫ్రేములు ఎంచుకున్నారు. అక్కడ చెక్క దొరుకుతుంది, పని తొందరగా అవుతుంది. వాళ్ళ ఇంటిని నకలు చేయటం మన పని కాదు, వాళ్ళ పద్ధతిని నకలు చేయాలి.

ఈ మధ్య మా దగ్గర ఒక వెల్డర్‌కి ప్రెస్సు డ్రాయింగు చూపించాను. రెండు నిమిషాలు చూసి, "సార్, ఇది గేటు కన్నా అల్కగుంటది. ట్రాలీలు చేసే షాపుల మూడు దినాల పని. కాని మా ఊర్ల ఎవ్వలు వాడుతరు?" అన్నాడు. యంత్రం సంగతి మొదటి మాటలోనే తేల్చేశాడు. అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. మట్టి దిమ్మెల ఇల్లు కడితే దుబాయి పోయి వచ్చి మట్టిల్లు కట్టాడంటారని భయం. ఆ భయం పోగొట్టటానికి ఉపన్యాసాలు చాలవు. కళ్ళ ముందు ఒక గోడ ఉండాలి, అది రెండు వానాకాలాలు చూసి ఉండాలి.

కాబట్టి ఈ సభకి నా ప్రతిపాదన ఇది. మన సంఘాలు ఊళ్ళకి ఆర్చీలు, బస్ షెల్టర్లు కట్టించి ఇస్తున్నాయి. మంచిదే. ఈసారి మీ మండలంలో ఒక ప్రెస్సు చేయించి పెట్టండి. దాంతో ముందు ఎవరి ఇల్లూ కట్టవద్దు. బడికి ప్రహరీయో, అంగన్‌వాడీకి ఒక గదో కట్టించండి. ఊరందరూ చూస్తారు, గోకి చూస్తారు, వాన పడ్డాక వచ్చి మళ్ళీ చూస్తారు. తర్వాత ఇల్లు కట్టుకునేవాళ్ళు వంతుల వారీగా ప్రెస్సుని వాడుకుంటారు. వరికోత యంత్రం అద్దెకి తెచ్చుకోవటం లేదా మనం?

ప్రెస్సు పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఏ చేను పక్క మట్టి, సీసాలో ఎన్ని పొరలు, పెట్టెలో ఎంత కుదించుకుంది, సిమెంటు ఎన్ని పాళ్ళు, ఎన్ని దిమ్మెలు విరిగాయి, వానాకాలం తర్వాత గోడ ఎలా ఉంది, అన్నీ రాయాలి. బాగా వచ్చినవే కాదు, విరిగినవి కూడా. విరిగినవి రాయకపోతే పక్క ఊరివాడు అదే మట్టితో మళ్ళీ విరగ్గొట్టుకుంటాడు. ప్రెస్సు డ్రాయింగు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. మన ఊరి మట్టి లెక్క మనం రాస్తే తప్ప దొరకదు. అసలైన ఓపెన్ సోర్స్ ఆ నోటుపుస్తకమే. దాన్ని ఫోటో తీసి నలుగురికీ పంపే పని మా కంప్యూటర్ వాళ్ళకి వదిలెయ్యండి.

దాన్ని నడిపేవాళ్ళు ఎవరంటారా? గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాళ్ళు. ముప్ఫై అంతస్తుల మేడలకి షట్టరింగు వేసినవాళ్ళు, బార్ బెండింగు చేసినవాళ్ళు, పైపులు వెల్డింగు చేసినవాళ్ళు మన ఊళ్ళలో ఖాళీగా కూర్చుని ఉన్నారు. వాళ్ళు తెచ్చిన రంగు టీవీ ఊరందరికీ కనిపించింది, వాళ్ళు నేర్చుకొచ్చిన పని ఎవరికీ కనిపించలేదు. ఆ పనికి ఊళ్ళోనే గౌరవం, కూలి దొరికితే వాళ్ళు రెండోసారి వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరగక్కర్లేదు.

పది నెలలు, ఏడాది అని నేను లెక్కలు చెప్తుంటే మీలో కొందరికి చిన్నవిగా అనిపించవచ్చు. మనామాలో ఒక గదిలో ఆరుగురితో పడుకునే మనిషిని అడగండి, అవి చిన్నవో పెద్దవో. ఈ సభ నుంచి మీరు ఊరికి ఫోను చేసినప్పుడు ఒక్క మాట అడగండి: మన ఊళ్ళో ట్రాలీలు చేసే వెల్డింగు షాపు ఎవరిది? అక్కడినుంచి పని మొదలవుతుంది.